కౌంటీ అంతా కరువు డబ్బులు పడ్డాయంట, మరి మా పొలానికి ఎందుకు పడలేదు?

ఫ్రిస్కో_పత్తిచేను:

అందరికీ నమస్తే. పేరు చూసి రైతు అనుకోకండి, నాకు ట్రాక్టర్ ఎక్కడం కూడా రాదు, పగలంతా జావా రాసుకునే బాపతు. 2024 జనవరిలో నేనూ ఇంకో ఇద్దరు ఫ్రెండ్సూ కలిసి ఎల్ఎల్‌సి అనే చిన్న కంపెనీ పెట్టి వెస్ట్ టెక్సాస్‌లో, లబ్బక్ నుంచి గంటన్నర పోతే వచ్చే ఒక చిన్న కౌంటీలో 160 ఎకరాలు కొన్నాం. బోరు లేదు, మెట్ట పత్తి. అక్కడే ఉండే ఒక పెద్దాయన ఎప్పట్నుంచో ఆ చేను కౌలుకి చేస్తున్నాడు, మేం కొన్నాక కూడా ఆయన్నే చేసుకోమన్నాం, ఎకరాకి 30 డాలర్ల లెక్కన ఏడాదికి 4,800 కరెక్ట్‌గా చెక్కు పంపిస్తాడు, పాపం మంచాయన.

విషయం ఏంటంటే మాకు ఈ పొలం అమ్మి పెట్టిన బ్రోకర్ అప్పట్లో "ఇది గవర్నమెంట్ డబ్బులొచ్చే ఏరియా, వాన పడినా పడకపోయినా మీకు ఢోకా లేదు" అన్నాడు. మొన్న సరదాగా సబ్సిడీ లెక్కలు వెతికితే నిజంగానే ఆ కౌంటీకి 1995 నుంచి డిజాస్టర్ పేమెంట్లు దాదాపు వదలకుండా పడుతూనే ఉన్నాయి. 2024 వేసవిలో మా చేను కూడా ఎండిపోయింది, మొక్క మోకాలి ఎత్తు కూడా రాలేదు, కౌంటీని డిజాస్టర్ కౌంటీ అని డిక్లేర్ కూడా చేశారు. పక్క చేనాయనకి ఈ ఏడాది డబ్బులొచ్చాయంట. మా ఎల్ఎల్‌సి అకౌంట్లో మాత్రం ఒక్క డాలర్ లేదు. ఎవరికి అప్లై చేయాలి? లేటైపోయిందా? లేకపోతే మా కౌలాయన మాకు చెప్పకుండా తీసుకున్నాడా? ఆ డౌట్ రావడం నాకే బాలేదు కానీ వచ్చింది, ఏం చేయను.

---

పల్లె_డాక్టర్:

ముందు ఆ పెద్దాయన మీద డౌట్ తీసేయండి బాబూ. ఆయన తీసుకున్నా అది ఆయన డబ్బే, మీది కాదు.

నేను పదకొండేళ్ళ నుంచి మీరు చెప్పిన వైపే ఒక చిన్న ఊళ్ళో క్లినిక్ నడుపుతున్నా, డాక్టర్లు తక్కువున్న ఊళ్ళో పని చేసేవాళ్ళకి వీసా షరతు మాఫీ చేస్తారు కదా, ఆ జె-1 వెయివర్ మీద వచ్చి ఇక్కడే ఉండిపోయా. నా పేషెంట్లలో సగంమంది పత్తి వాళ్ళే. బీపీ చూస్తుంటే వాళ్ళు మాట్లాడేది రెండే, ఒకటి వాన, రెండు ఎఫ్ఎస్ఏ ఆఫీసు, అంటే రైతులకి గవర్నమెంట్ డబ్బులు చూసే వ్యవసాయ శాఖ ఆఫీసు. అలా విని విని వచ్చిన జ్ఞానమే నాది, తప్పుంటే తెలిసినవాళ్ళు దిద్దండి.

మీది క్యాష్ రెంట్. అంటే పంట పండినా ఎండినా మీ 4,800 మీకు వస్తుంది. వచ్చింది కూడా కదా 2024లో? మరి మీకు నష్టం ఎక్కడ జరిగింది? గవర్నమెంట్ డబ్బు నేలకి కాదు, పంట రిస్క్ ఎవరు మోస్తే వాళ్ళకి. విత్తనం, డీజిల్, మందు అన్నీ ఆయన పెట్టాడు, ఎండిపోయినా మీ కౌలు కట్టాడు. మనవైపు పట్టా ఎవరి పేరుమీద ఉంటే డబ్బు వాళ్ళ ఖాతాలో పడి, కౌలుకి చేసినోడు నోరు తెరుచుకుని చూడటం మనకి అలవాటు కాబట్టి ఇక్కడా అదే అనుకుంటాం. ఇక్కడ రూల్ తిరగేసి ఉంటుంది.

---

ఫ్రిస్కో_పత్తిచేను:

డాక్టర్ గారూ సిగ్గేసింది అండి నిజంగా. సరే ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ కౌంటీని డిజాస్టర్ అని డిక్లేర్ చేశారు కదా, అందులో ల్యాండ్ ఓనర్లకి ఏమీ ఉండదా?

---

క్లెయిమ్స్_కోడర్:

బ్రో, నేను పంట ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిమ్స్ సాఫ్ట్‌వేర్ రాస్తా, ఎనిమిదేళ్ళుగా ఇదే గోల, కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తా, ఓపికుంటే చదువు.

నువ్వు డిజాస్టర్ డబ్బులు అని ఒకే మాట వాడుతున్నావ్, అందులో కనీసం మూడు వేరే వేరే సంగతులున్నాయి.

డిక్లరేషన్ సంగతి ముందు. అగ్రికల్చర్ సెక్రటరీ కౌంటీని డిజాస్టర్ ఏరియా అనడానికి ఒక్క పంటలో అయినా 30 శాతం దిగుబడి నష్టం ఉండాలి, లేదా డ్రౌట్ మానిటర్ అనే కరువు మ్యాప్‌లో సాగు సీజన్లో వరసగా 8 వారాలు డి2 (తీవ్ర కరువు) ఉన్నా, ఎప్పుడైనా డి3 (ఇంకా తీవ్రమైన కరువు) తగిలినా ఫాస్ట్ ట్రాక్‌లో ఆటోమేటిక్‌గా పడిపోతుంది. పక్కన ఆనుకుని ఉన్న కౌంటీలు కూడా దాంతోపాటే వస్తాయి. అందుకే ఏ కరువు ఏడాది చూసినా టెక్సాస్ మ్యాప్ ఎర్రగా ఉంటుంది. అయితే ఆ డిక్లరేషన్‌తో నేరుగా వచ్చేది ఎమర్జెన్సీ లోను, మ్యాక్సిమమ్ 5 లక్షల డాలర్లు, 8 నెలల్లోపు అప్లై చేసుకోవాలి. లోను అంటే అప్పు. తిరిగి కట్టాలి. డిక్లేర్ చేశారు కాబట్టి డబ్బు పడుతుంది అనుకునే వాళ్ళు ఇక్కడే సగంమంది బోల్తా పడతారు.

రెండోది ఇన్సూరెన్స్. అసలు డబ్బు కదిలేది ఇక్కడే. అమ్మేది ప్రైవేటు కంపెనీలు, రేట్లూ రూల్సూ పెట్టేది ఆర్ఎంఏ అనే వ్యవసాయ శాఖ విభాగం, ప్రీమియంలో సగానికి పైగా గవర్నమెంటే కడుతుంది. రైతు పాత దిగుబడులు, 4 నుంచి 10 ఏళ్ళవి, తీసి సగటు కడతారు, దాన్నే ఏపీహెచ్ అంటారు. ఉదాహరణకి ఎకరాకి సగటు 400 పౌండ్ల దూది అనుకో, ఆయన 70 శాతం కవరేజ్ తీసుకుంటే గ్యారంటీ 280 పౌండ్లు. చేలో 90 పౌండ్లే తేలితే మిగతా 190కి డబ్బిస్తారు, ధర 80 సెంట్లు అనుకుంటే ఎకరాకి 152 డాలర్లు. పైన ఉన్న 30 శాతం, అంటే ఆ 120 పౌండ్లు, గాలికి పోయినట్టే. అది ఎవడూ ఇవ్వడు. ఏళ్ళ తరబడి వరసగా కరువొస్తే ఇంకో దెబ్బ, ఆ తక్కువ దిగుబడులే సగటులో కలిసి గ్యారంటీ కూడా పడిపోతూ ఉంటుంది.

మూడోది నువ్వు చూసిన లెక్కల్లో పెద్ద పెద్ద అంకెలుగా కనపడేది, కాంగ్రెస్ అప్పటికప్పుడు పాస్ చేసే డబ్బు. పేర్లు మారుతుంటాయి: 2018, 2019 నష్టాలకి విప్ ప్లస్, 2020 నుంచి 2022 దాకా ఈఆర్‌పీ, 2023, 2024 నష్టాలకి ఎస్‌డీఆర్‌పీ. ఇన్సూరెన్స్ ఇవ్వకుండా వదిలేసిన ఆ పై ముక్కలో కొంత ఇవ్వడానికే ఇవి. 2024 డిసెంబర్లో పాసైన చట్టంలో మొత్తం 30.78 బిలియన్లు పెట్టారు, అందులో 10 బిలియన్లు ధరలు పడిపోయినందుకు, మిగతాది డిజాస్టర్‌కి. దాంట్లోంచే ఎస్‌డీఆర్‌పీ మొదటి స్టేజ్ 2025 జులైలో మొదలైంది. మీ పక్క చేనాయనకి పడింది అదే అయ్యుంటుంది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ వచ్చిన వాళ్ళకి ముందే నింపిన ఫారం ఇంటికే పోస్టులో వచ్చేసింది, సంతకం పెట్టి ఇస్తే చాలు. అదీ ఫుల్లు కాదు, లెక్క కట్టిన దాంట్లో 35 శాతంతో మొదలుపెట్టారు. రెండో స్టేజ్ ఇన్సూరెన్స్ లేని నష్టాలకి, ఉన్నా క్లెయిమ్ దాకా రాని నష్టాలకి.

పైగా ఇది ఊరికే రాదు, ఈ డబ్బు తీసుకున్న వాళ్ళు తర్వాత రెండు పంట సంవత్సరాలు ఇన్సూరెన్స్ కొంటామని రాసివ్వాలి, కొనకపోతే వెనక్కి కక్కాలి.

ఇందులో ఎక్కడా ఓనర్ అన్న మాట రాలేదు చూడు. పంటలో వాటా ఉందా లేదా, అదొక్కటే ప్రశ్న. మీ వాటా సున్నా.

---

ట్యాక్స్_కట్టే_సగటుజీవి:

అంతా బాగుంది కానీ నాదొక డౌట్. ఒక కౌంటీలో ముప్పై ఏళ్ళు ఇంచుమించు ప్రతి ఏడూ డిజాస్టర్ అంటే అది డిజాస్టర్ ఎలా అవుద్ది, అక్కడి వాతావరణమే అది. ఏడాదికి 18, 19 అంగుళాల వాన పడే చోట బోరు లేకుండా పత్తి వేయడం, ఎండిపోతే మన ట్యాక్సులతో ఇవ్వడం. నా స్టార్టప్ మునిగినప్పుడు నాకెవడూ 35 శాతం ఇవ్వలేదు.

---

పల్లె_డాక్టర్:

@ట్యాక్స్_కట్టే_సగటుజీవి మీరన్నదాంట్లో పూర్తిగా తప్పు లేదు, ఆ మాట ఇక్కడి రైతులే కాఫీ దగ్గర అనుకుంటారు, ఫలానావాడు ఇన్సూరెన్స్ కోసమే విత్తుతున్నాడు అని. అలాంటివాళ్ళు లేరని నేను అనను. కానీ నేను చూసిన 2022 మీరు చూసుంటే ఇలా రాయరు. ఆ ఏడాది టెక్సాస్‌లో వేసిన పత్తిలో సగానికి పైగా కోతకే రాలేదు, దున్నేసి వదిలేశారు. 2011లో ఇంకా ఘోరం అని పెద్దవాళ్ళు చెప్తారు, టెక్సాస్‌లో ఆ ఒక్క ఏడాది వ్యవసాయ నష్టం 7.62 బిలియన్లు అని లెక్క తేల్చారు. 2022లో చేను పోతే ఊళ్ళో జిన్ను మిల్లు నడవలేదు, జిన్ను నడవకపోతే దాంట్లో సీజన్ పని చేసే వాళ్ళకి జీతం లేదు, వాళ్ళు నా దగ్గరికి షుగర్ మందులు మానేసి వచ్చారు. రైతుకైనా ఇన్సూరెన్స్ చెక్కు వచ్చింది, జిన్నులో చేసేవాడికి ఏ చెక్కూ రాలేదు. నాకు కోపం వచ్చేది అక్కడ.

పోనీ నీళ్ళు పెట్టుకోమందామా అంటే కింద ఓగల్లాలా అనే భూగర్భ జలాశయంలో నీళ్ళు ఏటికేడు దిగిపోతున్నాయి, ఒకప్పుడు బోరు కింద సాగైన చేలే ఇప్పుడు మెట్ట కింద పడుతున్నాయి.

---

క్లెయిమ్స్_కోడర్:

డాక్టర్ గారు చెప్పిన 2022 గురించే ఒక ముక్క. ఆ ఏడాది నష్టాలకి కాంగ్రెస్ ఇచ్చింది 3.7 బిలియన్ల చిల్లర, అవసరం దానికి రెండింతల పైమాటే. దాంతో యూఎస్‌డీఏ, అంటే కేంద్ర వ్యవసాయ శాఖ వాళ్ళు మెట్లు పెట్టారు: లెక్కలో మొదటి 2,000 డాలర్లకి 100 శాతం, తర్వాత రెండు వేలకి 80, ఆ తర్వాత 60, 40, 20 అలా దిగుతూ 10,000 దాటిన దానికి 10 శాతమే. మళ్ళీ వచ్చిన మొత్తాన్ని 75 శాతం చేశారు. అంటే 50,000 నష్టం లెక్క తేలినవాడికి, మీరే కట్టుకోండి, 10,000 దాకా 6,000, మిగతా 40,000కి 4,000, మొత్తం 10,000లో 75 శాతం, అంటే 7,500. 2,000 నష్టపోయినవాడికి 1,500. చిన్నవాళ్ళు బాగుందన్నారు, పెద్ద కమతాల వాళ్ళకి నచ్చలేదు. సగటుజీవి గారూ, ఊరికే పంచిపెట్టేస్తున్నారు అనుకుంటే ఈ లెక్క గుర్తు పెట్టుకోండి. ఇంకోటి, ఈ డబ్బు రావడం కూడా ఏడాదిన్నర రెండేళ్ళు లేటు. ఆ లోపు బ్యాంకువాడు ఆగుతాడా?

---

ఆగ్‌లోన్_అక్క:

బ్యాంకువాడు ఆగడు, ఆ బ్యాంకుదాన్ని నేనే 😀 కాన్సాస్‌లో రైతు లోన్లు చూస్తా. రాబోయే డిజాస్టర్ డబ్బుని మేం కాగితం మీద ఆదాయంగా రాసుకోం, వచ్చినప్పుడు చూద్దాం అంటాం అంతే.

తమ్ముడూ ఫ్రిస్కో, డబ్బులు ఎందుకు రాలేదో వీళ్ళు చెప్పేశారు. నేను అడగాలనుకున్నది వేరే. ఎల్ఎల్‌సిలో ముగ్గురన్నావు, ముగ్గురి స్టేటస్ ఏంటి? సిటిజన్లా, గ్రీన్ కార్డా, హెచ్-1బినా?

---

ఫ్రిస్కో_పత్తిచేను:

ఒకడు సిటిజన్, ఒకడికి గ్రీన్ కార్డ్ ఉంది అక్కా, నేను హెచ్-1బి, గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసిన ఐ-140 అప్రూవ్ అయింది. తలా మూడో వంతు. ఎందుకు?

---

ఆగ్‌లోన్_అక్క:

అనుకున్నా. కూర్చుని చదువు.

1978 నుంచి అఫిడా అని ఒక చట్టం ఉంది. సిటిజన్ గానీ గ్రీన్ కార్డ్ గానీ లేనివాళ్ళు ఇక్కడ వ్యవసాయ భూమి కొంటే 90 రోజుల్లోపు ఎఫ్ఎస్ఏకి చెప్పాలి, ఫారం ఎఫ్ఎస్ఏ-153. కంపెనీ అమెరికాలోదే అయినా సరే, అందులో ఒక ఫారిన్ మనిషికి 10 శాతం, ఆ పైన వాటా ఉంటే ఆ కంపెనీ కూడా చెప్పాల్సిందే. నీకు 33 ఉంది. ఐ-140 అప్రూవ్ అయినా, పదిహేనేళ్ళ నుంచి ఇక్కడ ట్యాక్సులు కడుతున్నా ఈ చట్టం లెక్కలో నువ్వు ఫారినర్‌వే. కొనడం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు. లేటుగా చెప్తే వారానికి భూమి విలువలో 0.1 శాతం చొప్పున ఫైన్ పడే వీలుంది, అలా పెరిగి పెరిగి 25 శాతం దాకా. అసలు చెప్పకుండా ఊరుకున్నా, తప్పుడు వివరాలిచ్చినా 25 శాతం దాకా వేయొచ్చు. 10 ఎకరాల లోపు, ఏడాదికి 1,000 డాలర్లకి మించి పంట అమ్మకం లేని చిన్న ముక్కలకి మినహాయింపు ఉంది, మీది 160, మీకు వర్తించదు.

మన డాలస్ గ్రూపుల్లో ఎకరాలు ఎకరాలు కొంటున్నారు, ఫామ్ ల్యాండ్ అని ఫొటోలు పెడుతున్నారు, కొనిపించేవాడు ఆగ్ వాల్యుయేషన్‌తో, అంటే సాగు భూమిగా తక్కువ విలువ కట్టించుకుని, ప్రాపర్టీ ట్యాక్స్ తగ్గించుకోవచ్చు అని చెప్తాడు కానీ ఈ ముక్క ఒక్కడూ చెప్పడు. ఆ ట్యాక్స్ తగ్గింపు ఆస్తి విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్ వ్యవహారం, ఎఫ్ఎస్ఏకి దానికీ సంబంధమే లేదు, అది వచ్చింది కదా అని ఇక్కడ కూడా అన్నీ సరిగ్గా ఉన్నాయనుకోకు.

పేమెంట్ల రూలు కూడా ఇలాంటిదే. రేపు నువ్వు వాటాకి మార్చుకున్నా ఫారిన్ పర్సన్ రూల్ అడ్డం వస్తుంది. మామూలుగా ఓనర్ భూమి ఇచ్చి పంటలో వాటా తీసుకుంటే సరిపోతుంది, కానీ సిటిజన్షిప్, గ్రీన్ కార్డ్ రెండూ లేనివాడు అయితే భూమి, పెట్టుబడితో పాటు స్వయంగా ఒళ్ళొంచి పని చేస్తేనే అర్హత. నువ్వు జావా రాస్తూ పత్తి తీయలేవు కదా, హెచ్-1బి మీద ఆ పని చేయొచ్చా అన్నది మళ్ళీ వేరే లాయరు. కంపెనీలో ఫారిన్ వాటా 10 శాతం దాటితే కంపెనీకే అదే రూలు. మిగతా ఇద్దరి వాటా మేరకు అడిగే దారి ఉంది, అది ఆఫీసులో కనుక్కో.

---

ఫ్రిస్కో_పత్తిచేను:

అక్కా గుండె జారిపోయింది. నేను డబ్బులు రాలేదేంటి అని వస్తే మీరు ఫైన్ చేతిలో పెట్టారు 😭

---

ఆగ్‌లోన్_అక్క:

నేను పెట్టలేదు, 2024 ఏప్రిల్ నుంచి అది అక్కడే కూర్చుని ఉంది. ఎవరో వచ్చి అడిగేలోపు నువ్వే వెళ్ళి చెప్పుకో, పడిన ఫైన్‌ని తగ్గించమని అడిగే వీలు కూడా ఉంది. లాయరుతో ఒకసారి మాట్లాడి వెళ్ళు.

---

క్లెయిమ్స్_కోడర్:

అక్క చెప్పింది నాకూ తెలీదు, ఎనిమిదేళ్ళుగా ఇదే ఫీల్డ్‌లో ఉన్నా, వామ్మో.

బ్రో, అది తేలాక ఎప్పుడైనా వాటా కౌలు ఆలోచిస్తే ఒక లెక్క చూసుకో. అక్కడ పాత పద్ధతి పత్తికి ఓనర్‌కి నాలుగో వంతు, జొన్న, గోధుమ లాంటి గింజలకి మూడో వంతు. నేను పైన రాసిన లెక్కే తీసుకుంటే 160 ఎకరాలకి 152 చొప్పున 24,320, అందులో నీ నాలుగో వంతు 6,080, ఇందులోంచి నీ ప్రీమియం తీసేయ్. ఇప్పుడు ఏ రిస్కూ లేకుండా 4,800 వస్తోంది. అదీ నీ వాటాకి పాలసీ ఉంటేనే, నువ్వు విడిగా తీసుకోవాలి లేదా నీ పర్మిషన్‌తో కౌలాయన తన పాలసీలోనే కలపాలి. పాలసీ లేని వాటాదారుడికి పంట పోతే ఇన్సూరెన్స్ చెక్కు సున్నా. స్ప్రింగ్ పంటలకి పాలసీ తీసుకోవడానికి మీ వైపు చాలావరకు మార్చి 15 ఆఖరు, ఏప్రిల్లో మబ్బు చూసి తీసుకుందాం అంటే కుదరదు. జులై 15 లోపు ఎఫ్ఎస్ఏలో ఏం వేశామో ఎకరాల లెక్క రాయించాలి. నష్టం కనపడ్డ 72 గంటల్లో ఏజెంట్‌కి చెప్పాలి, అడ్జస్టర్, అంటే నష్టం లెక్క కట్టే ఇన్సూరెన్స్ మనిషి, వచ్చి చూసి సరే అని రిలీజ్ చేసేదాకా చేను దున్నకూడదు. మా సిస్టమ్‌లో రిజెక్ట్ అయ్యే క్లెయిముల్లో నాకు బాధేసేవి ఇవే, నష్టం నిజం, చేను నిజం, అడ్జస్టర్ రాకముందే దున్నేసి ఉంటారు.

---

ట్యాక్స్_కట్టే_సగటుజీవి:

ఇంత పేపర్ వర్కా. నా స్టార్టప్పే నయం.

---

ఫ్రిస్కో_పత్తిచేను (మూడు వారాల తర్వాత):

అప్‌డేట్ ఇస్తున్నా. లాయర్‌తో మాట్లాడి, ఒక శుక్రవారం సెలవు పెట్టి ఆ కౌంటీ ఎఫ్ఎస్ఏ ఆఫీసుకి వెళ్ళా. అఫిడా ఫారం ఇచ్చేశా, అక్కడ ఉన్నావిడ తిట్టలేదు, ఇది పై ఆఫీసుకి పోతుంది, ఫైన్ ఎంతో వాళ్ళు రాస్తారు అంది. ఇంకా ఏ లెటరూ రాలేదు, మెయిల్ బాక్స్ తెరిచినప్పుడల్లా చెయ్యి వణుకుతోంది.

అక్కడే ఇంకో సంగతి తెలిసింది. ఆఫీసు మీద స్థానిక రైతులే ఓట్లేసి ఎన్నుకునే కౌంటీ కమిటీ ఉంటుందంట, ఎవరికైనా పేమెంట్ కాదంటే ముందు వాళ్ళ దగ్గరికే అప్పీలు. గోడ మీద ఆ కమిటీ పేర్లు చూస్తే అందులో మా కౌలాయన పేరు! ఇన్నాళ్ళూ నేను ఎవరి మీద డౌట్ పడ్డానో చూడండి.

మధ్యాహ్నం ఆయన ఇంటికి వెళ్తే ఐస్ టీ ఇచ్చి కూర్చోబెట్టి తన ఎస్‌డీఆర్‌పీ కాగితం తనే తీసి చూపించాడు, నేను అడగలేదు. వచ్చిన డబ్బు 2023లో పంట పెట్టుబడికి తీసుకున్న ఆపరేటింగ్ లోనుకి పోయింది అన్నాడు. వచ్చే ఏడాది కౌలు 30 నుంచి 27 చేయమని అడిగాడు. ఇద్దరు పార్ట్‌నర్లకీ ఫోన్ చేసి అక్కడే ఓకే అన్నాం. వాటా కౌలు ఊసు నేను ఎత్తలేదు.

---

పల్లె_డాక్టర్:

ఆయన ఎవరో నాకు అర్థమైంది, పేరు రాయొద్దు. ఈసారి వచ్చినప్పుడు ఇంటికి రండి, మా ఆవిడ గోంగూర పెంచుతోంది, ఈ ఎండకి అదొక్కటే బతికింది.